చదువు, ౘదువు, వేప, యాప: ఏది సరైన పలుకు?

సందేహం: మా పుట్టిల్లు కడప జిల్లా. అత్తగారిది పశ్చిమగోదావరి. ఉద్యోగాల వల్ల హైదరాబాదులో ఉంటున్నాం. మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి 'చదువు', 'చాప', 'జడ' అన్నప్పుడు చ, జలను 'చిలక', 'జింక'లో పలికినట్టే పలుకుతోంది. మా అత్తగారికి అది చెవికి ఎబ్బెట్టుగా ఉంటోంది. నేనేమో 'శానా', 'యాపచెట్టు', 'పెండ్లి', 'వచ్చినాడు' అంటాను. అవి తప్పు మాటలని అమ్మాయికి బడిలో చెప్పారట. పక్కింటివాళ్ళు 'నీల్లు', 'పల్లెం' అంటారు. పిల్ల అందరి మాటా వింటోంది. ఇంతకీ ఎవరి ఉచ్చారణ సరైంది? ఇదో టెన్షన్ అయిపోయింది నాకు. ఇంకొకటి, నీళ్ళు అని రాయాలా, నీళ్లు అని రాయాలా?

సమాధానం: శానా, యాపచెట్టు, పెండ్లి, వచ్చినాడు. వీటిలో ఏ ఒక్కటీ తప్పు కాదమ్మా. అవి మీ ప్రాంతపు పలుకులు, వాటికి కచ్చితమైన పద్ధతి ఉంది. అమ్మాయి పలుకుతున్న 'చదువు' విషయంలో మాత్రం మీ అత్తగారి అభ్యంతరం సబబే. మీరడిగిన మిగతా మాటల్లో కొన్నింటికి జవాబు అక్కడే దొరుకుతుంది కాబట్టి ముందు దాన్ని చూద్దాం.

తెలుగులో చ అనే అక్షరం ఒకటే, పలుకులు రెండు. చిలక, చెట్టు, చేను అన్నప్పుడు నాలుక మధ్యభాగం లేచి అంగిలిని తాకుతుంది. ఇది తాలవ్యం. చదువు, చుక్క, చొక్కా, చోటు అన్నప్పుడు నాలుక ముందుకు జరిగి పైపళ్ళ వెనక తగులుతుంది. ఇది దంత్యం. జ కూడా అంతే. జింక, జీతం, జెండా అంటే తాలవ్యం. జడ, జున్ను, జొన్న, జోడు అంటే దంత్యం. దంత్యాలను వేరుగా చూపడానికి పాత పుస్తకాల్లో అక్షరం నెత్తిన చిన్న ౨ గుర్తు వేసి ౘ, ౙ అని అచ్చువేసేవారు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో తెలుగుకు 36 వర్ణాలని చెప్పినప్పుడు ఈ రెండింటినీ విడిగానే లెక్కపెట్టాడు. ఇ, ఈ, ఎ, ఏలతో కూడిన చ, జలు తాలవ్యాలు, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ, ఔలతో కూడినవి దంత్యాలు అని సూత్రం కూడా చేశాడు.

ఈ సూత్రం అచ్చతెలుగు మాటలకూ, రూపం మారి వచ్చిన తద్భవాలకూ వర్తిస్తుంది. సంస్కృతం నుంచి ఉన్నది ఉన్నట్టు తెచ్చుకున్న మాటల్లో ఏ అచ్చు ఉన్నా తాలవ్యమే. అందుకే చంద్రుడు, చక్రం, చరిత్ర, జలం, జపం అన్నప్పుడు మనం నాలుకను పళ్ళ దగ్గరికి తీసుకురాం. చతుర్థిలో ఉన్నది తాలవ్యం, దాన్నుంచి వచ్చిన ౘవితిలో ఉన్నది దంత్యం. అన్నంలో కలుపుకునే ౘారుకూ, చారుమతి పేరులోని చారుకూ రాతలో తేడా లేదు, నోట్లో ఉంది. తలకు వేసుకునే ౙడ వేరు, జడపదార్థంలో జడ వేరు. ఫారసీ, ఉర్దూల నుంచి వచ్చిన రోజు, బజారు, జరీ లాంటి మాటలు కూడా దంత్యంగానే స్థిరపడ్డాయి, ఆ భాషల్లో అక్కడ ఉన్న ధ్వనికి మన ౙ దగ్గరగా ఉంటుంది గనక. పక్కనున్న మరాఠీలోనూ చ, జలకు ఇలాంటి రెండు పలుకులు ఉన్నాయి, కన్నడంలో లేవు.

మీ అమ్మాయికి ఈ తేడా ఎందుకు రాలేదో ఊహించడం కష్టం కాదు. వెనకటి పిల్లలు ముందు ఇంట్లో, వీధిలో 'ౘదువుకో' అన్న మాట వందల సార్లు విని, ఆ తర్వాత పలక మీద దాన్ని రాసేవారు. చెవిలో ఉన్న పలుకే అక్షరంలోకి వెళ్ళేది. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలా మాటల్ని మొదటిసారి పుస్తకంలోనే చూస్తున్నారు. వర్ణమాలలో చ, ఛ, జ, ఝ అని వల్లించేటప్పుడు వచ్చే చ తాలవ్యం. పిల్ల ఆ చకు దు, వు చేర్చి చదువుతుంది. అక్షరాల లెక్క ప్రకారం తను చదివింది సరిగ్గానే ఉంది, కాబట్టి తనను తప్పుపట్టకండి. దంత్యం, తాలవ్యం అనే పేర్లు కూడా ఇప్పుడే చెప్పొద్దు. 'చారుమతి ౘారు తాగింది', 'జానకి ౙడ వేసుకుంది' లాంటి వాక్యాలు అత్తగారి చేత చెప్పించి, అమ్మాయి చేత తిరిగి చెప్పించండి. పక్కపక్కనే వినపడితే పిల్లల చెవి ఇట్టే పట్టేస్తుంది. ఉచ్చారణ విషయంలో నేను పట్టుబట్టేది ముఖ్యంగా ఇక్కడే. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, ఆదిలాబాదు నుంచి నెల్లూరు దాకా అందరికీ ఉమ్మడిగా ఉన్న పలుకు ఇది. ప్రాంతభేదం వల్ల పోవడం లేదు, వినకుండా చదవడం వల్ల పోతోంది. 2008 నుంచి యూనికోడ్‌లో ఈ రెండు అక్షరాలకూ చోటుంది. పిల్లల వాచకాలు రాసేవాళ్ళు తొలి తరగతుల్లోనైనా వాటిని వాడితే ఎంతో మేలు జరుగుతుంది.

ఇప్పుడు మీ 'శానా' సంగతి. చ గట్టిగా తగలకుండా కాస్త సడలితే స గానో శ గానో మారుతుంది. చాలా జిల్లాల్లో ఇది వినపడుతుంది. ఎక్కడ స అవుతుంది, ఎక్కడ శ అవుతుంది అన్నది జాగ్రత్తగా వినండి. తెలంగాణ పల్లెల్లో చూడు, చదువు, చుక్క అనేవి సూడు, సదువు, సుక్క అవుతాయి. చెప్పు, చెరువు, చెట్టు, చేను అనేవి శెప్పు, శెరువు, శెట్టు, శేను అవుతాయి. పళ్ళ దగ్గర పుట్టే ౘ సడలితే పళ్ళ దగ్గరి స వచ్చింది. అంగిలి దగ్గర పుట్టే చ సడలితే అంగిలి దగ్గరి శ వచ్చింది. అంటే బడి ముఖం చూడని మనిషి కూడా, చిన్నయసూరి సూత్రంలో ఉన్న తేడాను తన నోట్లో భద్రంగా నిలుపుకున్నాడన్నమాట. అలాంటి మనిషి పలుకును మొరటుదని ఎలా అంటాం? గోదావరి, ఉత్తరాంధ్ర పల్లెల్లో 'సెప్పు', 'సెరువు' అని రెండుచోట్లా స వినపడుతుంది. అక్కడి పద్ధతి అది. మీ శానాలో మాత్రం ఆ ఉన్నా శ వచ్చింది, అది ఈ లెక్కకు లొంగని మాట.

'యాపచెట్టు' దగ్గరికి వస్తే కథ ఇంకా బాగుంటుంది. మనకు నోట్లో ఉండి, రాతలో అక్షరం లేని ఒక అచ్చు ఉంది. బ్యాంకు అన్నప్పుడు బ తర్వాత వినపడేది అదే. ఆ కూ ఏ కూ నడుమ, నోరు వెడల్పుగా తెరిస్తే వచ్చే ధ్వని. దానికి గుర్తు లేదు కాబట్టి య వత్తు, దీర్ఘం కలిపి ఎలాగో రాస్తున్నాం. ఇది ఇంగ్లీషుతో పాటు దిగుమతి అయిందని చాలామంది అనుకుంటారు. తెలుగు మాటల్లోనే ఇది ఉంది.

మేక అనండి, తర్వాత మేకు అనండి. రెండింట్లోనూ రాసేది మే ఒక్కటే. గోడకు కొట్టే మేకులో ఏ బిగువుగా ఉంటుంది, మేకలో కాస్త వెడల్పవుతుంది. తర్వాతి అక్షరంలో అ గానీ ఆ గానీ ఉంటే ముందున్న ఏ వెడల్పవడం, ఇ, ఉలు ఉంటే అలా కాకపోవడం ఇందులో ఉన్న నియమం. తెలంగాణ, రాయలసీమల్లో ఈ వెడల్పు బాగా ఎక్కువ. అందుకే అక్కడి పలుకును రాసేటప్పుడు మ్యాక, ప్యాడ, న్యాల, ల్యాత, ర్యాగడి అని రాస్తారు. వేపలో పకు అ ఉంది కాబట్టి ఏ వెడల్పయింది, మొదటి వ జారిపోయింది, యాప వచ్చింది. వేరు అనే మాట ఎక్కడా యారు కాలేదు, పేరు ప్యారు కాలేదు. మీ కడపలో 'యాడికి పోతాండావు' అంటారు కదా, అది ఏడ అనే మాట. అదే నోటితో లెక్కపెట్టేటప్పుడు ఏడును యాడు అనరు. 'ద్యావుడా' లాంటి ఒకటీ అరా మాటలు నియమానికి లొంగవు, అవి ఏ భాషలోనైనా ఉంటాయి.

బడిలో యాపను తప్పన్నవారు కూడా లెక్కల్లో యాభై అనే ఉంటారు. పాత తెలుగులో ఆ అంకె ఏఁబది. ఏభై అయి, అక్కడి నుంచి యాభై అయింది. వేప యాప అయినప్పుడు జరిగిందే అక్కడా జరిగింది. ఒకటి పుస్తకాల్లోకి ఎక్కింది, ఇంకోటి ఎక్కలేదు.

ఈ అచ్చు మీ అత్తగారి నోట్లోనూ ఉంటుంది, మరో చోట. కోస్తా జిల్లాల్లో వచ్చాడు, చెప్పాడు, చూశాడు అన్నప్పుడు చివర పలికేది 'ఆకు'లో ఉండే నిండు ఆ కాదు. వచ్చినాడు అన్న పాత రూపంలో ఇనా అన్న భాగం కరిగి వచ్చాడు అయింది. కరిగిపోయిన ఇ తన ఛాయను వదిలి వెళ్ళింది. ఉత్తరాంధ్ర రచయితలు కొందరు దీన్ని వచ్చేడు, చెప్పేడు అని రాస్తారు. అలా రాసేవాళ్ళు కూడా ఉన్నాడును ఉన్నేడు అని రాయరు. ఎందుకు? ఉన్నాడులో కరిగిపోయే ఇ మొదటి నుంచీ లేదు. అక్కడిది నిండు ఆ.

దీనికి ఇంకో సాక్ష్యం కావాలంటే మీ అత్తగారిని 'దాచాడు', 'దాచాలి' అని వెంటవెంటనే అనమనండి. అక్షరాల్లో రెండూ చా. దాచాడులో చ తాలవ్యం, దాౘాలిలో దంత్యం. పెంచాడు, పెంౘాలి కూడా అంతే. మొదటిదాంట్లో ఉన్నది దాచినాడు నుంచి వచ్చిన వెడల్పు అచ్చు కాబట్టి చ తాలవ్యంగానే మిగిలింది. రెండోదాంట్లో నిండు ఆ కాబట్టి సూత్రం ప్రకారం దంత్యమైంది. నీళ్ళలో ఈదే చేపకూ, నేల మీద పరిచే చాపకూ కూడా తెలంగాణలో ఇదే తేడా. అక్కడ చేప కూడా రాతలో చాపే అవుతుంది, అయినా మొదటిది తాలవ్యం, రెండోది దంత్యం. ఇంకాస్త సడలితే శాప, సాప. రాస్తే రెండూ కలిసిపోతాయేమో గానీ వింటే ఎవరూ పొరబడరు. ఇంత సూక్ష్మమైన అమరిక ఏ వ్యాకరణమూ చదవని నోళ్ళలో తరతరాలుగా నిలిచి ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

వచ్చినాడు గురించి పైనే సగం చెప్పేశాను. మీ సీమ పలుకే పాత రూపానికి దగ్గరది. తెలంగాణలో వచ్చిండు, కొన్నిచోట్ల వచ్చినడు. నడిమి కోస్తాలో వచ్చాడు. పెండ్లి కూడా అంతే. పాత కావ్యాల్లో, నిఘంటువుల్లో ఉన్న రూపం పెండ్లి. కండ్లు, పండ్లు, ఇండ్లు అనేవి తెలంగాణ, రాయలసీమల్లో నిలిచాయి. కోస్తాలో ండ్ల అనే మూడు హల్లుల మూట ళ్ళగా మెత్తబడి కళ్ళు, పళ్ళు, ఇళ్ళు, పెళ్ళి వచ్చాయి. కోస్తావాళ్ళు మార్చుకున్నారని వాళ్ళది తప్పనడానికీ లేదు, బతికున్న భాష మారుతుంది. పాత రూపాన్ని నిలుపుకున్నవాళ్ళను పట్టుకుని తప్పు మాటలంటున్నారనడం మాత్రం అన్యాయం. ఆ మాట మీ అమ్మాయితో అన్నవారు, కాస్త పెద్ద నిఘంటువు తెరిచి పె అనే అక్షరం దగ్గర చూసి ఉంటే అలా అనేవారు కాదు.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. నాగలి భాగాల దగ్గర నుంచి పంట నూర్పిడి దాకా ఏ జిల్లా రైతు ఏ మాట వాడతాడో అందులో చూడొచ్చు. ఆయన తెలుగునేలను నాలుగు మండలాలుగా విభజించారు: శ్రీకాకుళం, విశాఖపట్నం తూర్పుమండలం; గోదావరులు, కృష్ణ, గుంటూరు మధ్యమండలం; రాయలసీమతో పాటు నెల్లూరు, ప్రకాశం దక్షిణమండలం; తెలంగాణ ఉత్తరమండలం. పాఠ్యపుస్తకాలు, పత్రికలు, సినిమాలు ఎక్కువగా మధ్యమండలం వాళ్ళ చేతుల్లో పెరగడం వల్ల వాళ్ళ పలుకు ప్రమాణమైంది. అచ్చుయంత్రం ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి వచ్చిన పెద్దరికం అది. పలుకు గొప్పదనం వల్ల వచ్చింది కాదు. అందరికీ అర్థమయ్యే ఉమ్మడి రాతభాష ఒకటి ఉండాలి, అది నేనూ ఒప్పుకుంటాను. పరీక్షలో 'వేపచెట్టు', 'చాలా' అని రాయడం నేర్పండి. ఇంట్లో 'యాపచెట్టు కిందికి రా' అని పిలవడం మానకండి. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడి రెండూ కలపకుండా ఉంటున్నారు కదా, రెండు తెలుగులు వాళ్ళకు ఓ లెక్కా?

పక్కింటివాళ్ళ 'నీల్లు' దగ్గర కాస్త ఆగాలి. ళ ల గా, ణ న గా పలకడం ఒక ప్రాంతానికి పరిమితమైంది కాదు, అనేక జిల్లాల్లో ఉంది. మాటల్లో దీనివల్ల పనేమీ ఆగదు. కానీ ఇక్కడ అర్థం మారే జంటలు కొన్ని ఉన్నాయి. కల వేరు, కళ వేరు. కల్లు వేరు, కళ్ళు వేరు. పైగా ల, ళలకు రాతలో వేర్వేరు అక్షరాలున్నాయి కాబట్టి పలుకులో కలిపేసిన పిల్ల రాతలో తడబడుతుంది. అందుకని ఇంటిమాటలో ఎవరినీ దిద్దొద్దు గానీ, పాఠం పైకి చదివేటప్పుడు, పద్యం అప్పజెప్పేటప్పుడు ళ, ణలను నాలుక వెనక్కి మడిచి స్పష్టంగా పలికించండి. వార్తలు చదివేవాళ్ళు, పాడేవాళ్ళు ఈ రెండింటినీ నేర్చుకోకుండా మైకు ముందుకు రాకూడదని కూడా అంటాను.

అలాగని పోయిన ప్రతి తేడానూ వెనక్కి తేవాలని నా ఉద్దేశం కాదు. గుఱ్ఱంలో ఉండే బండి ఱకూ మామూలు రకూ నన్నయ నాటికి తేడా ఉంది. ఇప్పుడు మనలో ఎవరికీ లేదు. వాఁడులో అరసున్నను ఇవాళ ఎవరూ పలకరు. ఇవి అన్ని ప్రాంతాల్లోనూ పోయాయి కాబట్టి ఎవరూ ఎవరినీ తప్పుపట్టడం లేదు.

మీరు అడగలేదు గానీ పిల్ల రాతలో తప్పక వచ్చే ఇబ్బంది ఒకటి చెబుతాను. థను మనలో చాలామంది ధ గా పలుకుతారు. కథ కధ అవుతుంది, రథం రధం అవుతుంది. మాటలో పర్వాలేదు, రాతలో మాత్రం అర్థానికీ (భావం) అర్ధానికీ (సగం) తేడా ఉంది. దీన్ని విని పట్టుకోవడం కష్టం, చూసి గుర్తుపెట్టుకోవలసిందే. ఋ విషయం కూడా అలాంటిదే. ఋషిని, ఋణాన్ని రుషి, రుణం అనే నోరే కృష్ణను క్రిష్ణ అంటుంది. జ్ఞానాన్ని మనం గ్న్యానం అంటే ఉత్తరాదివారు గ్యాన్ అంటారు. ఇక్కడ పలుకు ఏదైనా రాత ఒకటే, పేచీ లేదు.

చివరి ప్రశ్న. నీళ్ళు, నీళ్లు రెండూ అచ్చులో కనిపిస్తున్నాయి. దినపత్రికలు ఎక్కువగా ళ్ల వాడుతున్నాయి, పుస్తకాల్లో రెండూ ఉన్నాయి. బహువచనంలో చేరేది లు కాబట్టి ళ్లు అని రాయాలని ఒక వాదం. చేరాక పక్కనున్న ళ ప్రభావంతో ఆ ల కూడా ళగా మారింది, నోట్లో వినపడేది ళ్ళే కాబట్టి అలాగే రాయాలని ఇంకో వాదం. నేను రెండోదాన్నే పాటిస్తాను. మీ అమ్మాయి వాచకంలో ఏది ఉంటే అది రాయనివ్వండి, ఒకే పేజీలో రెండూ కలపకుండా చూడండి. ఎలా రాసినా పలికేటప్పుడు మాత్రం నీళ్ళే.